బాసికం నిలిచే నుదురు

జీలుగు కాడకు బరువుండదు. చేతిలోకి తీసుకుంటే, ఏదో తీసుకున్నామన్న సంగతి కళ్ళకు తెలుస్తుంది గానీ చేతికి తెలియదు. పైన పల్చటి గోధుమరంగు తొక్క. లోపల, నురుగు గడ్డకట్టి నిద్రపోతున్నట్టు, తెల్లటి బెండు.

సంపూర్ణమ్మ ఆ తొక్క ఒలిచి, కాడను పీట మీద దొర్లిస్తూ సన్నటి కత్తిని దానికి ఆనించేది. కత్తి కదిలినట్టుండేది కాదు. కాడే తిరుగుతూ తనను తాను విప్పుకుంటున్నట్టు, తెల్లటి పొర ఒకటి పొడవుగా ఆమె ఒళ్ళోకి జారేది. పొరలోంచి రేకులు, రేకుల్లోంచి పువ్వులు, పువ్వుల అంచున తళుకు కాగితం, రెండు కొసలకూ పసుపు దారం. పొద్దున కాడగా ఉన్నది సాయంత్రానికి బాసికమయ్యేది. మరునాడో, ఆ మరునాడో ఏ ఊళ్ళోనో పెళ్ళిపీటల మీద ఒక పిల్ల నుదుటన, ఒక పిల్లవాడి నుదుటన మెరిసేది.

భవానీపురంలో వాళ్ళది రెండు గదుల ఇల్లు. కిటికీలోంచి కృష్ణ కనబడదు. కానీ మధ్యాహ్నమయ్యేసరికి నది మీద పడ్డ ఎండ ఎటునుంచో దారి చేసుకుని వచ్చి, గోడ మీద కాసేపు వణికి వెళ్ళిపోయేది. ఆ వెలుతురు ఉన్నంతసేపూ సంపూర్ణమ్మ రేకులు కోసేది. అది వెళ్ళిపోయాక అంటించే పని పెట్టుకునేది. భర్త మరియదాసు బ్యారేజీ దగ్గర కాలువ లస్కరు. డెల్టాకు నీళ్ళు వదిలే తూముల తలుపులు ఎత్తడం, దించడం ఆయన పని. ఎండాకాలం కాలువలు కట్టేసినప్పుడు ఆయనకు పని తగ్గేది, ఆమెకు పెళ్ళిళ్ళ పని పెరిగేది. అప్పుడాయన చుట్ట ఆర్పేసి, పొయ్యి దగ్గర కూర్చుని చింతగింజల జిగురు ఉడకబెట్టేవాడు.

సంపూర్ణమ్మ పుట్టింది కంకిపాడు అవతల ఒక చిన్న ఊళ్ళో. తండ్రి అంతోని వానాకాలం చివర మెడలోతు నీళ్ళలో దిగి జీలుగు కోసేవాడు. చేపల వలలకు బెండ్లు కట్టేవాళ్ళు కొన్ని కాడలు కొనుక్కునేవారు. నిటారుగా, ముడి లేకుండా పెరిగిన కాడలు మాత్రం కంకిపాడులో బాసికాలు చేసే వెంకటప్పయ్యకు వెళ్ళేవి. మోపు దించి ఊరికే వచ్చెయ్యక, సంపూర్ణమ్మ ఆయన అరుగు కింద నిలబడి చూసేది. పొద్దెప్పుడు పోయిందో తెలిసేది కాదు. ఒకరోజు ఆయన తలెత్తకుండానే కత్తి ఆమె వైపు జరిపాడు. కాడను దొర్లించింది. పొర తెగలేదు. "నీది తేలిక చెయ్యే పిల్లా," అన్నాడు. ఆమె బడి అంతా ఆ అరుగే. ఆయన పోయాక, ఆయన దగ్గరికి వచ్చే ఇళ్ళవాళ్ళు ఆమెను వెతుక్కుంటూ వచ్చారు. పెళ్ళై భవానీపురం వచ్చినా వాళ్ళు ఆమెను వదల్లేదు.

ఆమె పెళ్ళి చర్చి గుడిలో, గంటల కింద జరిగింది. తల మీద కాగితం పూల కిరీటం. నుదుటికి బాసికం లేదు. అది లోటని ఆమెకు ఎప్పుడూ తోచలేదు. బాసికం ఇంకొకరి కోసం చేసేది, అంతే.

ఆమె పద్ధతులు ఆమెకుండేవి. పెళ్ళికూతురి బాసికం, పెళ్ళికొడుకు బాసికం ఒకే కాడలోంచి తీసేది. కాడ ఎంత బాగున్నా, ఒక్క బాసికానికే సరిపోయేదైతే పక్కన పెట్టేసేది. ఇంకో పద్ధతి నుదురు. బాసికం చూడ్డానికి బాగుంటే చాలదు. పెళ్ళికూతురు తల వంచుతుంది, తలంబ్రాలు పోయడానికి మునివేళ్ళ మీద లేస్తుంది, అరుంధతిని చూడ్డానికి మెడ వెనక్కి వాలుస్తుంది. అన్నిటికీ అది నిలవాలి. దారం ఎక్కడ బిగియాలో, ఎంత వదులుండాలో నుదుటి మీద పెట్టి చూస్తే గానీ తెలియదు. పెళ్ళికూతురేమో ముహూర్తానికి ముందు కట్టుకోకూడదు.

అందుకని కూతురు ఎలిజబెత్ పీట మీద కూర్చోగలిగిన వయసు నుంచీ ఆ నుదురే కొలత.

"తల వంచు. దోసిలెత్తు. ఇప్పుడు చుక్కల్ని చూడు," అనేది సంపూర్ణమ్మ. పెంకుల కప్పులో ఎలిజబెత్ చుక్కల్ని చూసేది. బాసికం కదలకపోతే విప్పి కాగితంలో చుట్టేవాళ్ళు. ఆ పిల్లతో పాటు నుదురూ పెరిగింది. బొట్టు లేని, విశాలమైన, ప్రశాంతమైన నుదురు. తెల్లవారుజామున నీళ్ళలా ఉండేది. ఎన్ని ఇళ్ళ పెళ్ళికళ దాని మీద ఒక్క నిమిషం నిలిచి వెళ్ళిపోయిందో ఎవరికీ గుర్తులేదు.

పక్కింటి అమలమ్మకు అదొక వేడుక.

"మీ లిజ్జీకి ఎన్ని పెళ్ళిళ్ళు చేశావో గుర్తుందా సంపూర్ణం? ఇంక మిగిలిన పెళ్ళికొడుకులెవరే?"

"మిగిలినోడు దొరికితే ముందు నీకే చూపిస్తాలే పిన్నీ. పారిపోకుండా పట్టుకుందువు గాని," అనేది ఎలిజబెత్.

అప్పటికి ఆ పిల్ల గవర్నర్‌పేటలో టైపు నేర్చుకుంటోంది. గుడివాడ నుంచి ఒకళ్ళు, ఏలూరు నుంచి ఒకళ్ళు వచ్చి చూసి వెళ్ళారు. వెళ్ళినవాళ్ళు మళ్ళీ మాట పంపలేదు. ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తేవారు కాదు.

డెబ్బై నాలుగు వైశాఖంలో కంకిపాడు పద్మావతమ్మగారింట్లో చివరి పిల్ల పెళ్ళి కుదిరింది. ఆవిడ భర్త రామకోటేశ్వరరావుగారు వ్యవసాయదారు. ఆ ఇంట్లో ఇంతకు ముందు జరిగిన రెండు పెళ్ళిళ్ళకూ బాసికాలు సంపూర్ణమ్మవే. ఆ ఇంటిని చూసి వాళ్ళ చుట్టాలు, వియ్యాలవారు, వాళ్ళ ఊళ్ళవాళ్ళు అందరూ ఆమె దగ్గరికే వచ్చేవారు.

ఎప్పుడూ బాసికాలు సంపూర్ణమ్మే తీసుకెళ్ళి ఇచ్చేది. ఈసారి పద్మావతమ్మగారు వన్‌టౌన్‌లో కుట్టించిన జాకెట్లు తీసుకోవడానికి వచ్చి, ఎటూ వచ్చాం కదా అని రిక్షా భవానీపురం పోనిమ్మన్నారు. పక్కన ఆవిడ ఆడపడుచు రావమ్మగారు. వీధి తలుపు తీసే ఉంది. వాళ్ళు గుమ్మంలో అడుగుపెట్టేసరికి ఎలిజబెత్ పీట మీద కూర్చుని, నుదుట బాసికంతో, ఖాళీ దోసిలి పైకెత్తి ఉంది.

రావమ్మగారు అక్కడే ఆగిపోయారు.

"ఇదేంటే సంపూర్ణం! మా పిల్ల బాసికం ఈ పిల్ల నుదుటికి ఎక్కిందేంటి?"

"కొలతకండీ అమ్మగారూ. జారుతుందేమో చూడ్డానికి. ఎప్పుడూ ఇట్టాగేనండి."

"ఎప్పుడూనా?" అన్నారు పద్మావతమ్మగారు. "మా పెద్దదానిదీ? మా కోడలిదీ?"

ఈ ఒక్కసారేనని అనడానికి అక్కడ చోటుంది. సంపూర్ణమ్మ ఆ చోటు చూసింది కూడా.

"అన్నీనండి," అంది.

"బాగుంది! ఒక నుదుటికి కట్టి విప్పింది తెచ్చి ఇంకో నుదుటికి కడతారా ఎక్కడన్నా? అందులోనూ బొట్టయినా లేని నుదురు," అన్నారు రావమ్మగారు. తరవాత గొంతు తగ్గించి, నిజంగా జాలిపడుతూ, "అందుకే కాబోలు ఈ పిల్లకి సంబంధం నిలవట్లేదు, పాపం," అన్నారు.

ఎలిజబెత్ చేతులు వెనక్కి పెట్టి ముడి విప్పుకుంది. బాసికాన్ని పీట మీద మెల్లగా పెట్టింది. "కూర్చోండి, మంచినీళ్ళు తెస్తాను," అని లోపలికి వెళ్ళింది. నీళ్ళు రాలేదు.

రావమ్మగారు రిక్షా ఎక్కడానికి వెళ్ళాక, పద్మావతమ్మగారు గుమ్మంలో ఆగి అన్నారు. "చూడు సంపూర్ణం, ఎల్లుండి పొద్దున్నే ముహూర్తం. ఇంకోటి చెయ్యి. ఆ పిల్లకి కట్టకుండా తీసుకురా. రేపు వచ్చినప్పుడు మా వదిన ముందు ఒక్క మాట అను. తప్పయింది, ఇకమీద ఆ పిల్ల నుదుటికి కట్టనని. అంతటితో పోద్ది. లేకపోతే ఆవిడ మా వాళ్ళిళ్ళన్నిట్లో నీ చేతివి వద్దని చెబుద్ది. నేనాపలేను."

రిక్షా వెళ్ళిపోయింది. గోడ మీద వెలుతురు ఆ పూట కాస్త ముందే వెళ్ళిపోయినట్టనిపించింది.

దీపాలు పెట్టే వేళకు ఎలిజబెత్ బియ్యం ఏరుతూ అంది. "చెప్పెయ్యమ్మా. ఒక్క మాటేగా. ఆ ఇళ్ళు పోతే నీకేం మిగులుద్ది?"

"తప్పయిందని చెబితే?"

"చెబితే ఏమవుద్ది?"

"నీ నుదుట్లో ఏదో ఉందని నేనే ఒప్పుకున్నట్టు."

ఎలిజబెత్ నవ్వబోయి ఆగింది. "నిజంగానే ఉందేమోనమ్మా. ఎవరికి తెలుసు? ఇంక నాకు కట్టకు. వాళ్ళు వద్దన్నారని కాదు. నాకే వద్దు."

ఆ మాట తేలిగ్గానే అంది. కానీ సంపూర్ణమ్మ చేతిలో అది బరువుగా నిలిచింది. మరియదాసు జిగురు గిన్నె కలుపుతూ, "నువ్వేం చెప్పినా, చెప్పకపోయినా, ఎల్లుండి పెళ్ళికూతురి నుదుటిన అది నిలవాలిగా. దాని సంగతి చూడు ముందు," అన్నాడు.

పొద్దున్నే ఆమె అటక మీంచి మంచి కాడ ఒకటి దించింది. కత్తి, పీట, తళుకు కాగితం, జిగురు డబ్బా సంచిలో పెట్టుకుంది. నిన్నటి జంటను కూడా కాగితంలో చుట్టి పైన పెట్టింది. ఎందుకు పెట్టిందో అడిగితే చెప్పలేకపోయేది. కంకిపాడు బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. బందరు కాలువ ఎండి, అడుగున మిగిలిన మడుగుల్లో ఆకాశం ముక్కలు ముక్కలుగా పడి ఉంది. నీళ్ళు వదిలితే ఆ ముక్కలన్నీ మళ్ళీ ఒకటవుతాయి. మరియదాసు తూము ఎత్తేదాకా అవి అట్లా వేరుగా ఉండవలసిందే.

పద్మావతమ్మగారి ఇంటి ముందు కొబ్బరాకుల పందిరి పచ్చివాసన వేస్తోంది. వసారాలో ఆడవాళ్ళు తలంబ్రాల బియ్యానికి పసుపు కలుపుతున్నారు. సంపూర్ణమ్మ ఓ పక్కన పీట వేసుకుంది.

"ఏం సంపూర్ణం, చెప్పు మరి," అన్నారు రావమ్మగారు, బియ్యంలోంచి చెయ్యి తియ్యకుండానే.

"కొత్తది ఇక్కడే, మీ కళ్ళ ముందే చేసిస్తానండి. మీకు చెప్పకుండా కట్టి చూడటం నా తప్పే. చెప్పాల్సింది. కానీ నా పిల్ల నుదురు మంచిది కాదన్న మాట నా నోటితో రాదండి అమ్మగారూ. దానికి మీరెట్టా అనుకున్నా సరే."

బియ్యం కలుపుతున్న చేతులు ఆగాయి.

"విన్నావా పద్మా?"

"ముందు చెయ్యనీ వదినా," అన్నారు పద్మావతమ్మగారు.

కాడ దొర్లింది. పొర జారింది. చేసేటప్పుడు సంపూర్ణమ్మకు చుట్టూ ఎవరున్నారో తెలిసేది కాదు. తెల్లదనం తెల్లదనంలోంచి విడిపోతూ వచ్చే చిన్న చప్పుడు, ఎక్కడో చాలా దూరాన ఇసుక మీద అల ఆగినట్టు, అదొక్కటే వినబడేది. పిల్లలు వచ్చి చూసి వెళ్ళారు. ఎండ పందిరిలోంచి చుక్కలుగా రాలి, ఆమె చీర మీద జరుగుతూ పోయింది. భోజనాల వేళ దాటాక బాసికం తయారైంది.

"ఒక నుదురు కావాలండి," అంది తలెత్తి.

ఆడవాళ్ళ చేతులు మళ్ళీ బియ్యంలోకి వెళ్ళాయి.

"కట్టి చూడకుండా దారం ఎక్కడ ముడిపడాలో నాకు తెలియదండి. ఊహించి కట్టి పంపిస్తే తలంబ్రాల దగ్గర జారిద్ది. ఎవరిదైనా సరే, ఒక్క నిమిషం."

ఒకావిడ తనకు పొద్దుట్నుంచీ తలనొప్పి అంది. ఇంకొకావిడ తన నుదురు బెత్తెడు కూడా లేదంది. ఒక పిల్ల ఉత్సాహంగా ముందుకు రాబోతే తల్లి జడ పట్టుకుని వెనక్కి లాగింది. "పెళ్ళికావాల్సినదానివి, నీకెందుకే!"

"మీరు కూర్చోండి పిన్నిగారూ," అన్నారెవరో రావమ్మగారితో.

"నా మెడ వంగదమ్మా. నా పెళ్ళికే వంగలేదు," అన్నారావిడ. అందరూ నవ్వారు. బాసికం సంపూర్ణమ్మ అరచేతిలో అట్లాగే ఉంది.

పద్మావతమ్మగారు పసుపు చేతులు తుడుచుకుని వచ్చి ఆమె ముందు కూర్చున్నారు. "కట్టు," అన్నారు.

సంపూర్ణమ్మ వెనక్కి వెళ్ళి ముడి వేసింది. నెరిసిన వెంట్రుకల మధ్య పసుపు దారం. "తల వంచండి అమ్మగారూ." వంచారు. బాసికం సూటిగా జారి ముక్కు మీద కూర్చుంది. వసారా అంతా గొల్లున నవ్వింది. "నత్తు బాగుంది పద్మా," అన్నారు రావమ్మగారు. దారం కాస్త పైకి జరిపి, ఒక మెలిక తిప్పి మళ్ళీ కట్టింది. అప్పుడే రామకోటేశ్వరరావుగారు వంటవాళ్ళకు కట్టెలు చాలవని చెప్పడానికి లోపలికొచ్చి, భార్యను చూసి ఆగిపోయారు.

"తమ్ముడూ, మంచి వేళకొచ్చావ్. వచ్చి పీట మీద కూర్చో. మళ్ళీ ముహూర్తం పెట్టాం," అన్నారు రావమ్మగారు.

"ఇవేం వేషాలు! కట్టెలు చాలవంటుంటే..."

"కట్టెలు వస్తాయి లెండి. తల వంచండి," అన్నారు పద్మావతమ్మగారు. పళ్ళెంలోంచి దోసెడు పసుపు బియ్యం తీసుకున్నారు. ఆయన గొణుగుతూనే తల వంచారు. ఆవిడ మునివేళ్ళ మీద లేచి, దోసిలి ఎత్తి పోశారు. గింజలు ఆయన భుజాల మీంచి జారి నేల మీద చిన్న వానలా పడ్డాయి. బాసికం కదల్లేదు.

నవ్వులు సద్దుమణిగాక కూడా ఆవిడ దాన్ని విప్పలేదు. గోడ అద్దం దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు.

"నా పెళ్ళిలో నాకు పదకొండేళ్ళు వదినా," అన్నారు అద్దంలోకి చూస్తూనే. "బాసికం కళ్ళ మీదికి జారిపోయింది. ఎత్తితే తిడతారేమోనని అట్టాగే ఉన్నా. ఈయన మొహం కూడా చూళ్ళేదు. బాసికంతో నేనెట్టా ఉన్నానో కూడా తెలియదు. ఇట్టా ఉంటారా!"

అది ప్రశ్న కాదు. చివరికి ఆవిడే ముడి విప్పుకుని బాసికాన్ని సంపూర్ణమ్మ చేతిలో పెట్టారు.

సంపూర్ణమ్మ నెమ్మదిగా అంది. "అమ్మగారూ, ఇప్పుడిది కూడా నుదుటికెక్కి దిగిందండి."

పద్మావతమ్మగారి చెయ్యి నుదుటి దగ్గరికి వెళ్ళింది. దారం నొక్కిన గీత ఇంకా అక్కడ సన్నగా ఉంది. దాన్ని వేలితో తడుముకున్నారు.

"నా నుదుటి మీంచి తీశాం వదినా. నాకేమన్నా తక్కువైందా?"

"ఛ, అవేం మాటలే! ముత్తయిదువవి."

"మరి ఆ పిల్లకి మాత్రం ఏం తక్కువ? మనమేగా అన్నాం." రావమ్మగారు బియ్యం వైపు చూశారు. పద్మావతమ్మగారు సంపూర్ణమ్మ వైపు తిరిగారు. "నిన్నటివి ఏం చేశావ్?"

"తెచ్చానండి." సంచిలోంచి పొట్లం తీసి విప్పింది. "పెళ్ళికొడుకుదీ ఇదీ ఒకే కాడలోవి. ఇప్పుడు చేసింది వేరే కాడ."

ఆవిడ ఆ జంటను అరచేతుల్లోకి తీసుకున్నారు. ఎందుకో ఒకసారి బరువు చూశారు. "ఇవే కడతాం," అన్నారు.

"నీ కూతురి పెళ్ళి, నీ ఇష్టం," అన్నారు రావమ్మగారు. అంతలోనే, "జారితే మాత్రం నేను ఊరుకోను సంపూర్ణం," అన్నారు. ఆ గొంతులో నిన్నటి పదును లేదు.

"జారదండి."

"ఆ పిల్ల పేరేంటి?" అని అడిగారు పద్మావతమ్మగారు. ఇన్నేళ్ళలో అడగడం అదే మొదటిసారి.

"ఎలిజబెత్ అండి."

"ఎలిజబెత్తు," అని ఆవిడ నోట్లోనే అనుకుని చూశారు. "నిన్న ఆ పిల్ల ముందే అన్నాం. రేపు ఆ పిల్ల ముందే కడతాం. తీసుకురా."

సంపూర్ణమ్మ కత్తి తుడిచి సంచిలో పెట్టుకుంది. "అడుగుతానండి. వస్తానంటే తీసుకొస్తా. దాని ఇష్టం."

ఆ జవాబుకు వసారాలో ఒకరిద్దరు మొహాలు చూసుకున్నారు. పద్మావతమ్మగారు మాత్రం తలూపారు.

ఇల్లు చేరేసరికి నది మీద సాయంత్రం రంగు మారుతోంది. ఎలిజబెత్ గుమ్మంలో కూర్చుని ఉంది. తల్లి మొహంలోకి చూసి, కాస్త పక్కకు జరిగింది. సంపూర్ణమ్మ కాళ్ళు కడుక్కుని పక్కన కూర్చుని అంతా చెప్పింది. బాసికం ముక్కు మీద కూర్చున్న దగ్గర ఎలిజబెత్ నవ్వింది. రామకోటేశ్వరరావుగారు కట్టెల కోసం వచ్చి తలంబ్రాలు పోయించుకున్న దగ్గర, లోపలినుంచి మరియదాసు కూడా నవ్వాడు.

"తప్పయిందని చెప్పావా?" అంది ఎలిజబెత్ నవ్వు ఆపి.

"చెప్పకుండా కట్టటం తప్పన్నా. అంతే."

"నా గురించి ఏమన్నారు?"

"ఏమీ అన్లేదు. ఆవిడే తన నుదుటికి కట్టించుకుంది. రేపు నీకు కట్టి చూసిందే కడతారు. నిన్ను రమ్మంది."

నది వైపు నుంచి గాలి వచ్చి ఎలిజబెత్ ముంగురుల్ని నుదుటి మీదికి తోసింది. వాటిని వెనక్కి దువ్వుకుంటూ, వేళ్ళు అక్కడే ఉంచి, "వాళ్ళు పిలిస్తే వెళ్ళాలా?" అంది.

"అక్కర్లేదు. నేనొక్కదాన్నే వెళ్ళొస్తా."

ఎలిజబెత్ లేచి లోపలికి వెళ్ళింది. చీకట్లో పెట్టె మూత తెరిచిన చప్పుడైంది. బట్టలు తీసి పెడుతున్న చప్పుడు, మళ్ళీ మడత పెడుతున్న చప్పుడు. సంపూర్ణమ్మ గుమ్మంలో కూర్చుని, ఊపిరి కూడా నెమ్మదిగా తీసుకుంటూ వింటోంది.

"అమ్మా," అంది లోపలినుంచి, "పొద్దున్నే పెళ్ళంటే ఏ చీరయితే బాగుంటుంది?"